కోవాచ్ గారి విప్పని ప్యాకెట్

గస్ పాపస్ బేస్‌బాల్ కార్డుల కొట్లో శనివారం పొద్దున బల్ల చుట్టూ చేరేవాళ్ళని నార్బర్ట్ కోవాచ్ మనుషుల్లో జమకట్టేవాడు కాదు. కావాలంటే వాళ్ళ చేతులు చూడండి అనేవాడు. ప్యాకెట్ కొని చిల్లర తీసుకునేలోపే ఆ వేళ్ళు దాని మూతి పీకుతూ ఉంటాయి. చించుతారు, లోపలి కార్డుల్ని పేకముక్కల్లా చరచరా తిరగేస్తారు, మెరిసేది ఏదైనా కనబడితే కేక పెడతారు, కనబడకపోతే మొత్తం పక్కకి తోసేసి ఇంకో ప్యాకెట్ మీద పడతారు. కార్డు మీద ఉన్న ఆటగాడెవరు, ఏ ఊరివాడు, వెనకవైపు అచ్చువేసిన అంకెల్లో ఎన్నేళ్ళ చెమట ఉంది, ఇవేవీ వాళ్ళ కంటికి ఆనవు. స్టేడియంలో కూర్చుని పల్లీలు ఒలిచేవాడు కూడా పొట్టు పారేసే ముందు లోపల గింజ మిగిలిందేమో చూస్తాడు. వీళ్ళకి ఆ పాటి ఓపిక కూడా లేదు.

అందరిలోకీ అతనికి ఒళ్ళుమంట టాడ్ బ్రెనర్ అంటే. ఇళ్ళ పైకప్పులు వేసే కంపెనీ తరఫున వీధులు తిరిగి బేరాలు కుదిర్చే మనిషి, ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఫోనుని కాఫీ కప్పుకి ఆనించి పెట్టి, తను చించే ప్రతి ప్యాకెట్టునీ ఎక్కడెక్కడి వాళ్ళకో లైవులో చూపిస్తాడు. మధ్యమధ్యలో "అబ్బబ్బా, ఏం కార్డు ఫ్రెండ్స్!" అని ఊగిపోతాడు. ఒకడు ప్యాకెట్ చించుతుంటే చూడ్డానికి ఇంకొకడు పని మానుకుని కూర్చుంటాడంటే ఈ దేశానికి ఏం రోగం వచ్చిందో నార్బర్ట్‌కి బోధపడేది కాదు. కొన్నాళ్ళు టాడ్‌కి బుద్ధి చెప్పాలని చూశాడు. తర్వాత అది గోడకి చెప్పుకోవడమేనని తేల్చుకుని, అతనివైపు చూసినప్పుడల్లా మూతి విరవడంతో సరిపెట్టుకున్నాడు.

అలాగని నార్బర్ట్ శనివారాలు ఇంట్లో కూర్చోలేదు. క్లీవ్‌లాండ్ పక్కన పార్మాలో రిడ్జ్ రోడ్డు మీద ఆ కొట్టు తెరిచే వేళకి గుమ్మం ముందు నిలబడేది అతనే. బల్ల చివర ఉన్న చేతుల కుర్చీ అతనిది, దాన్నింకెవరూ లాగరు. కౌంటీలో తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. పెట్రోలు పంపుల దగ్గరా మాంసం కొట్ల దగ్గరా ముప్పై ఏళ్ళు జనాన్ని అనుమానంగా చూసి చూసి, ఆ చూపు మొహానికి అతుక్కుపోయింది. ఇప్పుడా చూపు, జేబులో ఒక భూతద్దం, ఈ రెండూ కలిసి అతన్ని ఆ కొట్లో జడ్జిని చేశాయి.

పాతకాలపు ప్యాకెట్లు అమ్మకానికొస్తే అతను చూడకుండా ఎవరూ కొనరు. ఆ రోజుల్లో మైనం కాగితంలో పది కార్డులూ నమలడానికి ఒక చూయింగ్ గమ్ ముక్కా పెట్టి, కాగితం మడతని వేడి తగిలించి అతికించేవారు. విప్పని పాత ప్యాకెట్టుకి విలువంతా లోపల ఏముందో తెలియకపోవడంలోనే ఉంది. అందుకే మోసగాళ్ళు దాన్ని మెల్లగా విప్పి, మంచి కార్డు కాజేసి, పనికిమాలింది దూర్చి, ఇస్త్రీ పెట్టెతో మడతని మళ్ళీ అతికించేస్తారు. నార్బర్ట్ దాన్ని పట్టేస్తాడు. అనుమానం వస్తే విప్పిస్తాడు. విప్పాక గమ్ మరక చూస్తాడు. గమ్ ఏళ్ళ తరబడి ఏ కార్డుకి ఆనుకుని ఉంటే ఆ కార్డు మీద గోధుమరంగు మరక పడుతుంది. ఆ ఒక్కదాని మీదే పడాలి. మధ్యలో ఉన్న కార్డు మీద మరక కనబడిందంటే ఎవరో లోపల చెయ్యి పెట్టినట్టే.

దొంగ ప్యాకెట్ దొరికితే దాని కాగితాన్ని గల్లాపెట్టె పైన గోడకి గుచ్చడం, కింద తెచ్చినవాడి పేరు రాయడం ఆ కొట్టు ఆనవాయితీ. పెట్టింది నార్బర్టే. ఇస్త్రీ ఎవరు చేశారన్నది తనకి అనవసరం, బల్ల మీద పెట్టినవాడే దొంగ అన్నది అతని రూలు. పేరు కూడా తనే రాస్తాడు, నల్ల మార్కర్‌తో, రోడ్డు మీంచి కనబడేంత పెద్ద అక్షరాలతో.

ఆ గోడ మీద ఆఖరి పేరు రే స్లివ్కాది. స్కూలు బస్సు నడిపే రే, కొట్టు తెరిచిన నాటి నుంచీ వచ్చేవాడు. ఎవరో చనిపోతే వాళ్ళ గరాజ్‌లో పెట్టిన అమ్మకంలో కొన్న ప్యాకెట్ ఒకటి తెచ్చి ముచ్చటగా బల్ల మీద పెట్టాడు. విప్పిస్తే మధ్య కార్డు మీద మరక. నాకు తెలీదు నార్బర్ట్, నేను దీన్ని ముట్టుకోను కూడా లేదు, అని రే ఎన్నిసార్లన్నాడో. దొరికినవాడు ఇంకేమంటాడు అని నార్బర్ట్ మార్కర్ మూత తీశాడు. ఆ తర్వాత రే మళ్ళీ రాలేదు. అతని కుర్చీలో టాడ్ కూర్చోవడం మొదలుపెట్టాడు. అంటే ఆ టాడ్‌ని నెత్తికి తెచ్చుకున్నది కూడా నార్బర్టే, కాకపోతే ఆ సంగతి అతనికి తట్టలేదు.

ఇంతమందిని ఇంతగా తీసిపారెయ్యడానికి ఒక మనిషికి ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. నార్బర్ట్‌కి ఉన్నది డెబ్బయ్యారు నాటి ఒక ప్యాకెట్. విప్పనిది.

దాని కథ వినని మనిషి పార్మాలో లేడు. అప్పుడు తనకి పన్నెండేళ్ళు. అప్పట్లో కార్డులు కూడా అమ్మే మందుల షాపు నుంచి వచ్చిన రెండు ప్యాకెట్లు తన చేతిలో ఉన్నాయి. ఒకటి చించాడు, పది కార్డులూ చూశాడు. రెండోదాని మీద వేలు పెట్టాడు. అక్కడే ఆగిపోయాడు. పన్నెండేళ్ళవాడు, వేసవి సెలవులు, చేతిలో ప్యాకెట్, అయినా చించలేదు. సాక్సుల డ్రాయర్లో పెట్టాడు. నలభై ఏళ్ళు దాటిపోయినా చించలేదు. "మీకూ నాకూ తేడా అదే" అని కథ ముగించేవాడు. వింటున్నవాడు డోనట్ నములుతూ తల ఊపితే కూడా అతనికి అవమానంగానే ఉండేది.

ఆ ఏటి ప్యాకెట్టంటే క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల పిచ్చి. ఆ ఏడు కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి తలా ఒక కార్డు వెయ్యడం దండగనుకుందో ఏమో, కంపెనీ నలుగురినేసి ఒక కార్డులో ఇరికించింది. నాలుగు మూలలా నాలుగు చిన్న మొహాలు. అలాంటి కార్డులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద కింద కుడివైపు మొహం ఎడ్డీ మార్కెట్టీది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఎడమచేత్తో బంతులు విసిరి ఊరిని ఊపేసిన మార్కెట్టీ. తక్కిన ముగ్గురూ ఏమయ్యారో వాళ్ళ చుట్టాలకి తప్ప ఎవరికీ తెలీదు. ఆ కార్డు నార్బర్ట్ ప్యాకెట్‌లో ఉందా లేదా అన్నది కొట్లో ఏటా నడిచే వాదన. ఉండొచ్చు అని ఎవరన్నా అంటే నార్బర్ట్ కళ్ళు మూసుకుని తల ఊపేవాడు.

ఏటా ఏప్రిల్లో క్లీవ్‌లాండ్ జట్టు మొదటి ఆట రోజున దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి కొట్టుకి తెచ్చేవాడు. పొద్దుటంతా బల్ల మీద ఉంచేవాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తను కూడా ఆ పెట్టె తెరిచి చూసుకున్నది లేదు. ఊళ్ళో ప్రతివాడి ప్యాకెట్టునీ భూతద్దం కింద పెట్టి మడత మడతా చూసిన మనిషి, తన దాని మీద ఆ అద్దం ఒక్కసారి కూడా పెట్టలేదు.

ఈ ఏడు గస్ కొట్టు పెట్టి పాతికేళ్ళు. ఆ ప్యాకెట్టుని అద్దాల బీరువాలో నడిమధ్యన పెడదామని గస్ అడిగాడు. పెడితే ఊరికే ఎందుకు, అసలుదని సర్టిఫికెట్ వేసి సీలు చేసిచ్చే కంపెనీవాళ్ళు పక్క ఊరు బెరియాలో కార్డుల ప్రదర్శనకి వస్తున్నారు కదా అని నార్బర్ట్ పట్టుకెళ్ళాడు. ఊదారంగు గోళ్ళ అమ్మాయి ఒకతి దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పింది. మడత మీద రెండోసారి వేడి తగిలిన జాడ ఉంది సర్, మేం సర్టిఫై చెయ్యలేం అంది. నార్బర్ట్ తనెవరో చెప్పాడు, తన పన్నెండేళ్ళ వయసు నాటి కథ మొదలుపెట్టాడు. అమ్మాయి చివరిదాకా వినకుండానే వెనకున్నవాణ్ణి రమ్మని చెయ్యి ఊపింది. ఆ వెనకున్నవాడు టాడ్ బ్రెనరే.

నార్బర్ట్ పార్మా చేరేసరికి సంగతి అతనికంటే ముందే చేరింది. మర్నాడు బేకరీలో వరసలో నిలబడితే టాడ్ వెనకనుంచి పలకరించాడు.

"ఏంటి బాబాయ్, మీ ప్యాకెట్‌కి ఒళ్ళు కాలిందట కదా. మాత్ర ఏమన్నా వేశారా?"

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నార్బర్ట్‌కి తల కొట్టేసినట్టయింది. కొనకుండానే బయటికి వచ్చేశాడు.

అసలు దెబ్బ గస్ దగ్గర తగిలింది. గస్ చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి, గల్లాపెట్టె తుడుస్తూ, మొహం చూడకుండా చెప్పాడు. గోడ మీద పేర్లున్నవాళ్ళు ఫోన్లు చేస్తున్నారట. మా ప్యాకెట్లు పట్టినవాడి ప్యాకెట్టే అలాంటిదైతే మా పేర్లు ఎందుకుండాలి అంటున్నారట. ఇది తేలేదాకా నార్బర్ట్ ఆ కుర్చీలో కూర్చోకుండా ఉంటే మంచిదట. నార్బర్ట్‌కి ఆ కుర్చీ తప్ప ఊళ్ళో కూర్చోడానికి ఇంకో చోటు లేదు. పెళ్ళి చేసుకోలేదు, చర్చికి వెళ్ళడు, ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా భోజనం ఒక్కడే తినేవాడు.

తేల్చే దారి ఒక్కటే ఉంది. తను విప్పలేదని రుజువు చెయ్యాలంటే విప్పాలి. గమ్ పక్కనున్న కార్డు మీద మరక ఉండి, తక్కినవి శుభ్రంగా ఉంటే ఆ గోళ్ళ పిల్లా, ఆ టాడూ, మొత్తం ఊరూ నోరు మూసుకోవాలి. కానీ ఆ తర్వాత విప్పని ప్యాకెట్ అంటూ ఉండదు. రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడోనాడు గస్‌కి ఫోన్ చేసి, శనివారం పొద్దున అందరి ముందూ విప్పుతాను, రే స్లివ్కాకి కూడా కబురు పెట్టు, నేనెవరికీ భయపడను అన్నాడు.

శనివారం కారు నడిపింది చెల్లెలు రోజ్‌మేరీ. నార్బర్ట్‌కి ఎడమ కంటికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆమే తీసుకెళ్ళి తీసుకొస్తోంది. అతనికంటే నాలుగేళ్ళు చిన్నది. హైస్కూల్ క్యాంటీన్‌లో వండి వండి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. కొట్లో గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, పంచదార పొడి చల్లిన డోనట్ తింటూ, పత్రికలో పజిల్ నింపుకుంటూ అన్నగారి తీర్పులు అయ్యేదాకా కాచుకునేది. మార్కెట్టీకీ ఇంటికి ఉత్తరాలు తెచ్చేవాడికీ తేడా తెలియని మనిషి అని నార్బర్ట్ ఆమె ఎదుటే అనేవాడు. ఆమె పొడి దులుపుకుని ఇంకో గడి నింపేది.

ఆ రోజు మాత్రం సిగ్నల్ దగ్గర కారు ఆపి, అతని ఒళ్ళోని పెట్టె వైపు చూసింది.

"తెరవకు అన్నయ్యా. ఉన్నదాన్ని అలాగే ఉండనీ."

"నీకేం తెలుసు దీని సంగతి?"

"ఏం తెలిస్తే ఏంలే. వాళ్ళేదో వాగుతారు, నాలుగు రోజులు పోతే మర్చిపోతారు. నువ్వు తెరవకు."

బేస్‌బాల్‌లో ఓనమాలు రానివాళ్ళందరూ సలహాలు చెప్పేవాళ్ళేనని నార్బర్ట్ విసుక్కున్నాడు. లైటు పచ్చబడింది, వెనకవాడు హారన్ కొట్టాడు, ఆమె కారు ముందుకి పోనిచ్చింది.

కొట్టు నిండిపోయింది. శనివారం మొహాలే కాక, ఏడాదికోసారి కూడా కనబడనివాళ్ళు వచ్చారు. రే స్లివ్కా తలుపు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రమ్మని గస్ పిలిచినా రాలేదు. టాడ్ అలవాటు ప్రకారం ఫోను కప్పుకి ఆనించి, గబుక్కున దాన్ని తీసెయ్యబోయాడు.

"ఉంచు, ఉంచు," అన్నాడు నార్బర్ట్. "మీ వాళ్ళనీ చూడనీ. ప్యాకెట్ విప్పడమంటే ఏంటో జన్మలో ఒక్కసారైనా చూస్తారు."

బాత్రూంలోకి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. తెల్ల రుమాలు పరిచాడు. విప్పే ముందు రెండు ముక్కలు మాట్లాడాలనుకున్నవాడు పది నిమిషాలు మాట్లాడాడు. చించేవాళ్ళ జాతి గురించీ, వాళ్ళ ఆత్రం గురించీ, చేతిని అదుపులో పెట్టుకోలేనివాడు జీవితంలో దేన్నీ పెట్టుకోలేడనీ, ఈ బల్ల దగ్గర పన్నెండేళ్ళ పిల్లాడికున్న నిగ్రహం ఉన్న పెద్దవాడు ఒక్కడు కూడా లేడనీ అన్నాడు. జనం విన్నారు. విప్పుతాడు కదా అని విన్నారు.

పెట్టె మూత తీశాడు. సన్నని కత్తి మొనతో మడత లేపాడు. కాగితం ఏ అభ్యంతరమూ చెప్పకుండా విచ్చుకుంది.

మొదట అతనికి తెలిసింది ముక్కుతో. అంత పాత గమ్ ఉన్న ప్యాకెట్ విప్పగానే ముక్కిన తియ్యటి వాసన గుప్పుమంటుంది. ఇందులోంచి బీరువా అడుగు వాసన తప్ప ఏమీ రాలేదు. పైనున్న కార్డు చూశాడు. శుభ్రంగా ఉంది, మరకన్నది లేదు. తిరగేశాడు, తర్వాతది చూశాడు, ఆ తర్వాతది చూశాడు. వేళ్ళు వేగం పెంచాయి. చివరికి కార్డుల అడుగున గమ్ ఉండాల్సిన చోట అదే కొలతకి కత్తిరించిన ఒక అట్టముక్క కనబడింది. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాది. దాని మీద నీలం అక్షరాలు సగం సగం మిగిలి ఉన్నాయి.

గస్ దగ్గాడు.

"నాకు తెలీదు," అన్నాడు నార్బర్ట్. "నేను దీన్ని ముట్టుకోను కూడా లేదు."

తలుపు దగ్గర రే స్లివ్కా కదిలాడు. "ఆ మాట నాకు బాగా గుర్తుంది నార్బర్ట్," అన్నాడు. వెక్కిరింతగా అనలేదు.

నార్బర్ట్ నోరు ఊరుకోలేదు. ఎవడో మార్చేశాడన్నాడు. ఏప్రిల్లో ఇక్కడికి తెచ్చినప్పుడే మార్చి ఉంటారన్నాడు. బల్ల చుట్టూ చూసి చూసి టాడ్ దగ్గర ఆగాడు. ఈ పెట్టె పక్కనే గంటలకొద్దీ కూర్చునేది ఎవరు, దీని మీద కన్నేసింది ఎవరు, బెరియాలో నా వెనకే ఎందుకు నిలబడ్డావురా అని వేలు చూపించాడు. టాడ్ చెయ్యి చాచి ఫోనుని బల్ల మీద బోర్లా పెట్టేశాడు. వాడు తన మీద జాలిపడ్డాడని అర్థమయ్యేసరికి నార్బర్ట్‌కి వాణ్ణి చంపెయ్యాలనిపించింది.

స్టూలు మీద రోజ్‌మేరీ పత్రిక మడిచింది.

"టాడ్‌ని అనకు. ఆ గమ్ నేను తిన్నాను."

అందరూ అటు తిరిగారు. ఆమె వేళ్ళకంటిన పంచదార తుడుచుకుంది.

"నువ్వు స్కౌట్ల క్యాంపుకి వెళ్ళావు చూడు, ఆ వారం. గమ్ తిన్నాను. అమ్మ ఇస్త్రీ పెట్టెతో మళ్ళీ అతికించాను."

"నా ప్యాకెట్‌ని..."

"నీదెక్కడిది? నాన్న రెండు తెచ్చాడు, నీకొకటి నాకొకటి. నీది నువ్వు చించుకున్నావు. నాది లాక్కుని డ్రాయర్లో పెట్టుకున్నావు. ఆడపిల్లకి బేస్‌బాల్ ఎందుకన్నావు. అన్నావా లేదా?"

ఇన్నేళ్ళు నార్బర్ట్ చెప్పిన కథలో నాన్న లేడు, రోజ్‌మేరీ లేదు. రెండు ప్యాకెట్లు వాటంతటవే నడిచొచ్చి అతని చేతిలో కూర్చున్నాయి. వింటున్నవాళ్ళెవరూ రెండెందుకున్నాయని అడగలేదు. నార్బర్ట్ కూడా తనని తను అడగలేదు.

"ఎనిమిదేళ్ళ పిల్లకి ఇస్త్రీ సంగతి ఎలా తెలుసు?" అన్నాడు చివరికి. ఇన్‌స్పెక్టరు బుద్ధి పోలేదు.

"నువ్వే చెప్పావు. ఖాళీ కాగితం మీద చేసి మరీ చూపించావు. మోసగాళ్ళు ఇలా అతికిస్తారు, చూసి నేర్చుకో అన్నావు. నేర్చుకున్నాను."

వెనకాల ఎవరో నవ్వు ఆపుకోలేక గొంతు సవరించుకున్నారు. ఇంత కాలం నాకు ఎందుకు చెప్పలేదని నార్బర్ట్ అడిగాడు. రోజ్‌మేరీ పత్రికని ఒళ్ళో పెట్టుకుంది.

"మొదట్లో తంతావని. తర్వాత, ప్రతి థాంక్స్‌గివింగ్ పండక్కీ టర్కీ కోడి చల్లారిపోయేదాకా ఆ కథే చెప్పేవాడివి కదా. నీకున్నది అదొక్కటేలే అని ఊరుకున్నాను."

ఆమె కోపంగా అని ఉంటే నార్బర్ట్ తట్టుకునేవాడు. కోపానికి ఎలా బదులు చెప్పాలో అతనికి తెలుసు. ఆ మాటని ఆమె, పాలు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

గస్ ఏం చెయ్యాలో తోచక గుండుసూదుల డబ్బా, నల్ల మార్కర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెట్టి, పెట్టాల్సింది కాదేమోనన్నట్టు వెనక్కి జరిగాడు. నార్బర్ట్ మార్కర్ అందుకున్నాడు. సరే, రూలు రూలే, అతికించింది తనే అని ఒప్పుకుంది కాబట్టి రోజ్‌మేరీ పేరు రాస్తాను అన్నాడు. నిజంగానే అన్నాడు. కొట్టు కొట్టంతా అతన్ని చూసింది. ఆ చూపు అతనికి కొత్త కాదు. ఇన్నేళ్ళూ అతనే అందర్నీ అలా చూశాడు.

"ఇస్త్రీ ఎవరు చేశారన్నది అనవసరం కదా," అన్నాడు రే, ఇంకా తలుపు దగ్గర్నుంచే. "బల్ల మీద ఎవరు పెట్టారు?"

నార్బర్ట్ కాగితాన్ని గల్లాపెట్టె పైన, రే స్లివ్కా పేరు పక్కన గుచ్చాడు. దాని కింద రాయడం మొదలుపెట్టాడు. ఎప్పట్లాగే పెద్ద అక్షరాలు, కాకపోతే ఈసారి వరస కిందికి జారింది.

వెనక బల్ల దగ్గర టాడ్ ఉండబట్టలేకపోయాడు. ఎంతైనా చించేవాడు. రుమాలు మీది కార్డుల్ని కళ్ళతోనే లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఇవి తొమ్మిదే ఉన్నాయే. పదోది ఏదమ్మా?"

"అదా," అంది రోజ్‌మేరీ. "సైకిల్‌కి పెట్టుకున్నాను."

ఆ మాట అర్థంకానివాడు ఆ కొట్లో లేడు. బట్టలారేసే క్లిప్పుతో కార్డుని ఇరుసు పక్కన బిగిస్తే, చక్రం తిరుగుతున్నంతసేపూ చువ్వలకి తగిలి మోటార్‌సైకిల్ లాగా టపటపమని మోగుతుంది. అందరూ చిన్నప్పుడు చేసినవాళ్ళే. తర్వాత పెద్దయ్యి, ఏ కార్డుని అలా చంపుకున్నారో లెక్కేసుకుని ఏడ్చినవాళ్ళే.

నార్బర్ట్ చెయ్యి ఆగిపోయింది. ఆ వేసవి అతనికి గుర్తొచ్చింది. పై అంతస్తు గదిలో తలుపు వేసుకుని, డ్రాయర్ సగం తెరిచి, ప్యాకెట్టుకి కాపలా కాస్తూ కూర్చునేవాడు. కింద వీధిలో రోజ్‌మేరీ ఆ చివర్నుంచి ఈ చివరికి సైకిల్ తొక్కేది, టపటపటప. కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ దరిద్రపు చప్పుడు ఆపమని అరిచేవాడు. ఆమె ఆపేది కాదు. బడులు తెరిచేదాకా అది మోగుతూనే ఉంది. ఇల్లంతటికీ వినిపించేలా మోగింది.

"ఎవరిది ఆ కార్డు?" అన్నాడు. మార్కర్ పట్టుకున్న వేళ్ళు, ప్యాకెట్ మూతి పీకే టాడ్ వేళ్ళలాగే ఆడుతున్నాయి. "బొమ్మ ఎవరిది రోజ్‌మేరీ?"

"ఒకడు కాదుగా. చిన్న చిన్న మొహాలు, నలుగురో ఎవరో ఉన్నారు."

టాడ్ నోట్లోంచి కుక్కపిల్ల కాలు తొక్కితే వచ్చేలాంటి శబ్దం వచ్చింది. గస్ నార్బర్ట్ కుర్చీలోనే కూలబడ్డాడు. ఆ ఏడు నాలుగు మొహాల కార్డులు ఇంకా ఉన్నాయి, అది మార్కెట్టీ ఉన్నదే కానక్కర్లేదు. ఆ సంగతి అందరికంటే నార్బర్ట్‌కే ఎక్కువ తెలుసు. తెలిసి కూడా గోడ దగ్గర్నుంచి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కింద కుడివైపున ఉన్నవాడు ఎలా ఉన్నాడు? పేరేముందో చూశావా? ఒక్క పేరైనా గుర్తు చేసుకో."

రోజ్‌మేరీ అన్నగారి మొహంలోకి చూసి, నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది.

"పేర్లు ఎవరు చూశారు అన్నయ్యా, చప్పుడు మాత్రం భలే వచ్చేది."